వెండికై కరగినవి

నేటి చదువుకొన్న యువజనులలో రెండు వాడుకలు వ్యాపించుచున్నవి. చలనచిత్రోత్సవములు జరుగు పట్టణములకు పోయి, మెడలో గుర్తుచీటి వ్రేలాడగా నాలుగైదు దినములు జీతము లేని సేవ చేయుట యొకటి. ఆ సేవ ముగిసిన పిమ్మట మిత్రులతో గూడి పాతసామాను సంతలకు పోయి, తాతముత్తాతలనాటి గ్రామఫోనులు, గడియారములు, సినిమా ప్రకటనపత్రములు, జరీచీరలు బేరమాడి తెచ్చుకొనుట రెండవది. వీనినిగూర్చి పెద్దలలో రెండు విధములైన మాటలు వినవచ్చుచున్నవి. కొందరు ఇవి పనిలేనివారి వేడుకలని తీసివేయుదురు. కొందరు మన పిల్లలకు ప్రాచీనతపై భక్తి కుదిరినదని సంతోషింతురు. ఈ రెండభిప్రాయములును తొందరపాటుతో గూడినవే యని మాకు తోచుచున్నది. ఉత్సవసేవయు సంతబేరమును ఒక్క ప్రేమకు రెండు రూపములా, లేక ఒండొంటికి విరోధులా యను ప్రశ్నను విమర్శకుడు నిదానముగా విచారింపవలసియున్నది. ఇది కళావిషయము మాత్రమే కాదు, గృహవిషయము కూడ. ఏలయన నేడు సంతలో నమ్ముడగు పాతవస్తువు నిన్నటివరకు ఎవరో యొకరి యింటి అటకమీద నుండినదే.

ఇట్టి వస్తువులకు నేటి అంగళ్ళలో వింటేజి యను ఇంగ్లీషు పేరు చెల్లుచున్నది. ఆ మాటకు మూలార్థము ద్రాక్షపంట. ఏ యేటి పంటనుండి తీసిన ద్రాక్షమద్యమును ఆ యేటి పేరనే పిలుచుచు, మంచి పంట పండిన యేటిదానికి హెచ్చువెల కట్టుట ఐరోపాఖండమువారి ఆచారము. అనగా ఆ మాటలో మొదట ప్రధానమైనది పంటయొక్క మేలిమియే గాని ప్రాతదనము కాదు. మాట ద్రాక్షతోటను విడిచి మోటారుబండ్లకును, కోటులకును, కుర్చీలకును ప్రాకిన కొలదిని మేలిమి జారిపోయి ప్రాతదనము మాత్రము మిగిలినది. మన కాళిదాసు మాళవికాగ్నిమిత్రపు ప్రస్తావనలోనే ఈ తగవును ఎత్తి, ప్రాతక్రొత్తల పేరులనుబట్టి గాక పరీక్షనుబట్టియే గుణమును నిర్ణయింపవలెనని సూత్రధారుని నోట పలికించెను. ఆ తీర్పు నేటికిని సరియైనదే. కాని పరీక్ష జరుగవలెనన్నచో పరీక్షింపదగిన వస్తువు మిగిలియుండవలెను గదా. చలనచిత్రముల విషయమున మనకు కలిగిన కరవు అదియే.

పాత పట్టుచీరలు కొందుమని కేకలువేయుచు వీధులవెంట తిరుగు వర్తకులను మన గృహిణులందరు నెరుగుదురు. ఆ వర్తకుడు చీరయొక్క నేతను చూడడు. అంచులోని హంసలను చూడడు. అది ఎవరి పెండ్లినాటిదో యడుగడు. జరీని గీచి చూచి, తూచి, వెల చెప్పును. ఆ చీర మంటకు పోవును, పట్టు బూడిదయగును, అడుగున వెండి మిగులును. వెంకటగిరి మగ్గముమీద దినముల తరబడి కూర్చుండి నేతగాడు పెట్టిన బుటాలన్నియు కలిసి కొన్ని తులముల లోహముగా లెక్కకు వచ్చును. ఇది దోషమని మేమనుట లేదు. చినిగినచీరను మూటగట్టి యుంచుకొన శక్తిలేని యింట ఆ వెండి బియ్యమగును, బడిజీతమగును. కాని వర్తకుడు కొనినది చీరను కాదనియు, చీరలోని వెండిని మాత్రమే యనియు మనము గుర్తింపవలెను.

మన చలనచిత్రములకు పట్టిన గతియు సరిగా నిట్టిదే. తెలుపునలుపుల ఫిలిముమీద మనకు బొమ్మగా కనబడునది వెండియే. పారదర్శకమైన పట్టీమీద పూసిన పూతలోని వెండికణములే నల్లబడి కన్నులును, కురులును, నీడలునై నిలుచును. ఆడినంతకాలము ఆడి, ఇక డబ్బు రాదని తోచిన చిత్రముల రీళ్ళను పూర్వము మణుగులలెక్కన అమ్మివేసిరి. కొన్నవారు పూతను కడిగి వెండి తీసికొనిరి. మిగిలిన సెల్యులాయిడుపట్టీ గాజులకును, సంచులకును పనికివచ్చెను. 1950కి పూర్వపు ఫిలిము నైట్రేటు సంబంధమైన దగుటచే నిప్పురవ్వ తగిలినంత మాత్రమున భగ్గున మండునది. గోదాములు దగ్ధమగుటచే పోయినవి మరికొన్ని. నష్టమెంతయో వినుడు. మన దేశమున తీయబడిన మూకీచిత్రములు సుమారు 1300 అనియు, నేడు పూర్తిగానో భాగములుగానో మిగిలినవి ముప్పదికి లోపే యనియు చిత్రపరిరక్షకులు చెప్పుదురు. మదరాసులో తయారైన మూకీకథాచిత్రములు 124. వానిలో దక్కినది ఒక్కటి. రఘుపతి వెంకయ్యగారును, వారి కుమారుడు ప్రకాశుగారును 1921లో తీసిన భీష్మప్రతిజ్ఞ నేడు లేదు. మన తొలి మాటలచిత్రము, హెచ్. ఎం. రెడ్డిగారు తీసి 1932 ఫిబ్రవరి 6వ తేదీన విడుదలచేసిన భక్తప్రహ్లాద, అదియు లేదు. 1931లో వచ్చిన ఆలంఆరా లేదు. ఆ చిత్రపు రీళ్ళు తీసినవారి యింటినుండియే వెండికై వెడలిపోయినట్లు, మన జాతీయ చిత్రభాండారమును 1964లో పూనాలో నెలకొల్పి పెంచిన పి. కె. నాయరుగారు చెప్పియున్నారు. సినిమాతెరను వెండితెర యని పిలుచుకొని ముచ్చటపడు మనము, తెరమీది వెండిని కాటాలో పెట్టి తూచినవారమైతిమి.

ఇక దక్కిన ఆ యొక్కటి ఎట్లు దక్కెనో చూడుడు. సి. వి. రామన్‌పిళ్ళగారి మలయాళనవల ననుసరించి 1933లో వచ్చిన మార్తాండవర్మ యను చిత్రము అది. నవలను ప్రకటించిన తిరువనంతపురపు పుస్తకవ్యాపారులు హక్కు తమదని కోర్టుకెక్కగా ప్రదర్శనము ఆగిపోయెను. రీళ్ళు వారి స్వాధీనమయ్యెను. ఆడుటకు వీలులేని ఆ చిత్రము పుస్తకముల అంగడిలో దశాబ్దములు పడియుండి 1974లో పూనా భాండారమునకు చేరెను. విజయవంతములై ఊరూర ఆడిన చిత్రములు అరిగి, చినిగి, వెండియై పోగా, తగవులో చిక్కుకొనినది మిగిలినది. కళాపోషకుల భక్తి కాదు, ప్రభుత్వముయొక్క దూరదృష్టి కాదు. ఒక అంగడివాడు పారవేయకుండుటయే దానిని రక్షించినది. కావున పాతవస్తువులను కొనువారిని, దాచువారిని ఎగతాళి చేయుట న్యాయము కాదు. మదరాసులో వి. ఎ. కె. రంగారావుగారు జీవితకాలము పాటుపడి వేలకొలది గ్రామఫోను రికార్డులు సేకరింపకున్నచో మన పాతపాటల చరిత్రలో నెన్ని పుటలు ఖాళీగా నుండెడివో యోచింపుడు. సేకరించుటతో ఆయన ఆగలేదు. ఏ పాట ఎవరు వ్రాసిరి, ఎవరు పాడిరి, ఏ యేట వచ్చినది అని విచారించి పదుగురికి చెప్పిరి. ఆయన కొన్నది నల్లని బిళ్ళను కాదు, అందలి పాటను.

మన నెల్లూరితీరపువారికి పాతసామాను సంత క్రొత్తది కాదు. చెన్నపట్టణమున సెంట్రలు స్టేషను ప్రక్కనే 1900లో మూరుమార్కెట్టు వెలసినది. నెల్లూరినుండియు, గూడూరినుండియు రైలులో పోయి దిగినవారికి ఊరిలో మొదట కనబడు ఎర్రని కట్టడములలో అదియొకటి. పాతపుస్తకము, పాతరికార్డు, పాతగడియారము, దొరలయింటి కుర్చీ, అన్నియు నచ్చట దొరకెడివి. బీదవిద్యార్థులు పాఠ్యపుస్తకములకై దానినాశ్రయించిరి. 1985 మే నెలలో అగ్నిప్రమాదముచే ఆ కట్టడము నశించి, ఆ స్థలము రైలుస్టేషనులో కలిసిపోయినది. ఆ నాటి కొనుబడికిని నేటి కొనుబడికిని గల భేదమును గమనింపవలెను. అప్పటివారు పుస్తకమును చదువుటకును, గడియారమును వేళ తెలియుటకును కొనిరి. నేటివారు పెక్కుచోట్ల వేళ చూపని గడియారమును, పాడని గ్రామఫోనును గోడకును బల్లకును అందమునకై కొనుచున్నారు. పలుకని వస్తువునకు పలుకుదాని కంటె నెక్కువ వెల పలుకుట ఈ కాలపు వింత.

ఈ సందర్భమున మా పూర్వవిద్యార్థులు మాకు చెప్పిన యొక సంగతిని పాఠకులకు నివేదింతుము. ఇద్దరు బాలికలు, ఇద్దరు బాలురు, నలుగురును ఒక్క తరగతివారు, హైదరాబాదులో నొక చిత్రోత్సవమునకు స్వచ్ఛందసేవకులుగా పోయిరి. ఒకతెకు తలుపువద్ద చీటీలు చూచు పని; ఒకతెకు రీళ్ళు భద్రపరచువారి ఉపన్యాసములు జరుగు గదిలో కుర్చీలు వేయు పని; బాలురకు అతిథులను బసనుండి తోడితెచ్చు పని. ముగింపునాడు నలుగురును పాతసామాను సంతకు పోగా, ఒక కుప్పలో తుప్పుపట్టిన రేకుడబ్బాయు, దానిలో ఫిలిముచుట్టయు కనబడినవి. అంగడివాడు దానిని బారలలెక్కన కత్తిరించి అమ్ముచున్నాడు. దీపపుగూటికి చుట్టిన వెలుతురులో బొమ్మలు చక్కగా కనబడునని రెండుబారలు కొనబోయినది తలుపువద్ద నిలిచిన బాలిక. కుర్చీలు వేసిన బాలిక డబ్బాను ముక్కునొద్ద పెట్టి చూచి, పులిసిన కాడి వాసన వచ్చుచున్నదనియు, ఇది చెడుట కారంభించిన ఎసిటేటుఫిలిము అనియు, ఏ చిత్రమో తెలియనిదే ముక్క కోయరాదనియు అడ్డుపడినది. స్నేహితురాండ్రు బజారులోనే వాదులాడుకొనిరట. ఒకతె, నీవు కొనకున్న మరియొకరు కొని కోయుదురు గదా యన్నది. రెండవ యామె, అందుచేతనే మొత్తము మనమే కొనవలెనన్నది. నలుగురును తిరుగుఖర్చులకు దాచుకొన్న సొమ్ము పోగుచేసి డబ్బాను కొని, తెలిసినవారికి పరీక్షకై అప్పగించి, సాధారణపు రైలుపెట్టెలో నిలుచుండి వచ్చిరి. అందలి చిత్రము గొప్పదియా, ఏ సబ్బుప్రకటనయో యను విచారము మాకు ముఖ్యము కాదు. కోయుటకు ముందు తెలిసికొనవలెనను బుద్ధి ఆ బాలికకు ఎక్కడ పుట్టినదనునదే ముఖ్యము. సంతలో పుట్టలేదు, ఉత్సవములో కుర్చీలు వేయుచు విన్న మాటలలో పుట్టినది.

మేము చెప్పదలచినది దీనితో స్పష్టమగుచున్నది. సంతయందు వస్తువు దొరకును, తెలివి దొరకదు. ఉత్సవమునందు తెలివి దొరకును; కాని వస్తువును ఎవరో మునుపే దాచియుండవలెను. తెలివి లేక కొనువాడు వెండివర్తకునికంటె మర్యాదగలవాడుగా కనబడును గాని చేయు పని అదియే. అతడు మంటలో పెట్టినదానిని ఇతడు కత్తెరతో పెట్టును. ఒకడు అందలి వెండిని తీసికొనగా మరియొకడు అందలి అందమును తీసికొనును. చిత్రము మాత్రము ఇద్దరి చేతులలోను నశించును.

ఐతే ఉత్సవములన్నియు నిర్దోషములని మేమనుట లేదు. చిత్రోత్సవమునకు ప్రయోజనమేమి? బజారులో ఆడనిదానిని ఆడించుట, దూరదేశపుదానిని దగ్గరకు తెచ్చుట, మరచినదానిని తలపించుట. 1952 జనవరి 24వ తేదీన బొంబాయిలో మన దేశపు మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవము ప్రారంభమై పిదప మదరాసు, ఢిల్లీ, కలకత్తా నగరములకు పోయినది. అందు విజయావారి పాతాళభైరవి ప్రదర్శింపబడుట తెలుగువారికి కీర్తి. ఇటలీవారి చిత్రములను అందు చూచి మన దేశపు దర్శకులు వీధిలోని బీదవానిని తెరమీదికి తెచ్చు ధైర్యమును పొందిరి. బాలల చిత్రోత్సవము 1995 మొదలు 2017 వరకు హైదరాబాదులో రెండేండ్లకొకసారి జరిగి, అన్యదేశముల పిల్లల సుఖదుఃఖములను వేలకొలది తెలుగుపిల్లలకు చూపినది. పొరుగున కేరళలో 1996లో నారంభమైన ఉత్సవమునకు నేటికిని తిరువనంతపురమున విద్యార్థులు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు బారులుదీరి నిలుచుందురు. ఇటలీలోని బొలోనా పట్టణమున 1986 మొదలు పాతచిత్రములకే యొక ఉత్సవము జరుగుచున్నది; వేసవిరాత్రులయందు పట్టణపు నడిబొడ్డున తెరకట్టి, బాగుచేయబడిన పాతచిత్రములను ప్రజలకు ఉచితముగా చూపుదురు. అచ్చట పాతచిత్రము పండితుల సొత్తు కాదు. కూరగాయలు కొని యింటికి పోవు వారును కాసేపు నిలిచి చూచునది.

మన ఉత్సవములలో పెక్కింట ఈ ప్రయోజనము చాటునపడి ఆడంబరము ముందునకు వచ్చుచున్నది. ముఖ్య అతిథిగారి రాకకై చిత్రము గంటసేపు ఆగును. శాలువలు కప్పుట ముగియునప్పటికి చూడవచ్చినవారిలో సగమందికి బస్సువేళ యగును. స్వచ్ఛందసేవకులను అతిథులకు మంచినీళ్ళు అందించుటకును, ఫొటోలలో వెనుక వరుస నింపుటకును వినియోగించి, ఒక్క చిత్రమైనను చూడనీయక పంపువారు కలరు. ఇది సేవను కాజేయుటయే గాని సేవను నేర్పుట కాదు. సేవకునికి జీతము లేదు కాబట్టి విద్య యైనను ఉండవలెను. దినమునకొక చిత్రమును కూర్చుండి చూచు హక్కును, యంత్రపుగదిలో జరుగు పనిని తెలిసికొను హక్కును సేవకులకు ఇయ్యని ఉత్సవము ఎంత పెద్దదైనను మా దృష్టిలో చిన్నదే.

సేవకుడనగా నెవరో తెలుగుదేశమునకు ఒకరు నేర్పవలసిన పనిలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు బెజవాడ సభలయందు జనసమ్మర్దమును ఎంత క్రమముగా నడపినదో పెద్దలు చెప్పుకొనెడివారు. 1923 కాకినాడ కాంగ్రెసు సందర్భమున ఖద్దరుప్రదర్శనశాల తలుపువద్ద పదునాలుగేండ్ల బాలిక యొకతె నిలుచుండి, చీటిలేదని జవహరులాలు నెహ్రూగారినే లోనికి పోనీయలేదు. ఆమె దుర్గాబాయి. చీటి కొని తెచ్చిన పిమ్మటనే లోనికి పోనిచ్చినది. ఆయనయు ఆమె కర్తవ్యదీక్షను మెచ్చుకొనెను. ఆ బాలికకు గుర్తుచీటి అలంకారము కాదు. తాను కాపాడు నియమమునకు గుర్తు. నేటి ఉత్సవములలో తలుపువద్ద నిలుచు బాలబాలికలకు నిర్వాహకులు ఇట్టి అధికారమిత్తురా? ఆలస్యముగా వచ్చి చీకటిలో వరుసలు త్రొక్కుచు పోవు పెద్దమనిషిని ఆపినచో, తరువాత ఆ పిల్లవాని పక్షమున ఎవరైన మాటలాడుదురా? ఆడుదురన్నచో ఆ ఉత్సవము బడియగును. లేదన్నచో పెండ్లివిడిది యగును.

పాతచిత్రమును చూపుటలోను వివేకమవివేకములు కలవు. 1957లో కె. వి. రెడ్డిగారు తీసిన మాయాబజారును 2010లో రంగులద్ది మరల విడుదలచేసిరి. క్రొత్తతరమువారు దానిని చూచిరి, ఆనందించిరి. ఆ మేరకు అది లాభమే. కాని ఆ చిత్రమునకు ఛాయాగ్రాహకుడైన మార్కస్ బార్ట్లీగారు తెలుపునలుపుల నడుమగల ఛాయాభేదములనే రంగులుగా వాడికొనిన శిల్పి. పడవలో విహరించు ఘట్టమునందలి వెన్నెలను ఆయన ఆ బూడిదఛాయలతోనే పండించెను. దానిపై నీలము, పసుపు పులిమినప్పుడు మనకు క్రొత్తవెన్నెల దొరకలేదు, ఉన్న వెన్నెల పలుచనయ్యెను. అమ్మమ్మగారి జరీచీర మాసినదని బజారురంగులో ముంచి తీసినట్లయినది. మాసినదానిని ఉతుకుట వేరు, రంగువేయుట వేరు. గీతలు తుడుచుట, చినుగు అతుకుట, ధ్వనిలోని బురబురను తగ్గించుట ఉతుకుట వంటివి, అవి కావలసినవే. శిల్పి వేయని రంగును వేయుట మాత్రము శిల్పికి మారుగా మనము మాటలాడుట. రంగుల ప్రతితోపాటు తెలుపునలుపుల ప్రతియు అంతే శుభ్రముగా ప్రజలకు లభింపవలెనని కోరుట అత్యాశ కాదు.

దీనికి ప్రతిగా నొక మంచి యుదాహరణము. అక్కినేని నాగేశ్వరరావుగారి శతజయంతి సందర్భమున 2024 సెప్టెంబరు 20 మొదలు 22 వరకు, ఫిలిం హెరిటేజి ఫౌండేషనువారు జాతీయ చిత్రభాండారముతో కలిసి, ఆయన చిత్రములను పదింటిని దేశమందలి పలు పట్టణములయందు ప్రదర్శించిరి. దేవదాసు, మిస్సమ్మ మొదలు సుడిగుండాలు వరకు, ఆ పిదపటి చిత్రములతో గూడ, పెద్దతెరమీద వరుసగా చూచు నవకాశము కలిగెను. ఆ సంస్థయే 2019 డిసెంబరులో హైదరాబాదునందు ఫిలిమును బాగుచేయు విద్యను నేర్పు శిక్షణశిబిరమును నడపియుండెను. నేర్పుట ముందును, చూపుట పిదపను జరిగిన ఈ క్రమము మాకు నచ్చినది. 2022 మొదలు పుట్టినరోజులకు కథానాయకుల చిత్రములను మరల విడుదలచేయుచు, కాగితములు చింపి చల్లుచు, ఒక్కొక్కచోట కుర్చీలు విరుచుచు జరుపు సంబరములకును దీనికిని గల భేదమును వేరుగ చెప్పనక్కరలేదు. ఒకచోట నటుడు ఏమి చేసినాడో చూచుటకు పోవుదురు. మరియొకచోట తామేమి చేయుచున్నారో చూపుకొనుటకు పోవుదురు.

ఇక మన తీరము మాట. సినిమాకు నెల్లూరుసీమ ఇచ్చినది స్వల్పము కాదు. దర్శకులు పి. పుల్లయ్యగారు 1911లో నెల్లూరున జన్మించినవారు. నాగేశ్వరరావుగారు మొట్టమొదట తెరకెక్కినది 1941లో పుల్లయ్యగారు తీసిన ధర్మపత్నిలోనే. మాటలకు, పాటలకు ప్రసిద్ధిచెందిన ఆత్రేయగారి జన్మస్థలము సూళ్ళూరుపేట చెంతనున్న మంగళంపాడు. ఆ సూళ్ళూరుపేటలోనే 2019లో నూరడుగుల వెడల్పుగల తెరతో నొక ప్రదర్శనశాల వెలసినది. అంత పెద్దతెరలు ప్రపంచమున అరుదని దానికి ప్రసిద్ధి. ఇప్పుడా యూరు తిరుపతిజిల్లాలో చేరినను తీరమొక్కటే, భాష యొక్కటే. ఆత్రేయగారు పుట్టిన చోటికి కూతవేటు దూరమున అంతటి తెర యుండగా, సంవత్సరమునకొక దినమైన ఆత్రేయగారు మాటలు వ్రాసిన పాతచిత్రమొకటి దానిమీద ఆడింపవలెనని స్థానికులు అడుగుట న్యాయము కాదా? అడుగువారు ముందు ఉండవలెను. అడుగని వస్తువును ఏ వర్తకుడును అంగడిలో పెట్టడు.

మన తీరమునకు మరియొక చిక్కు కలదు. మైపాడునుండి రామాయపట్టణము వరకు ఉప్పుగాలి వీచు ఇండ్లలో ఇనుము తుప్పుపట్టును, కాగితము మెత్తబడును, ఫొటోలకు బూజుపట్టును. చిత్రమునకు కావలసినవి చల్లదనము, పొడిదనము. మనకున్నవి వేడిమి, తేమ. కావున ఫిలిమును ఇంట దాచుట మనవలన కాదు. దానికి భాండారమే శరణ్యము. 2014లో కేంద్రప్రభుత్వము సుమారు 597 కోట్ల రూపాయల వ్యయముతో చిత్రవారసత్వ పరిరక్షణపథకమును మంజూరుచేసినది. సొమ్ము కలదు, గదులు కలవు, కాని ఏ పల్లెలో, మూతపడిన ఏ డేరాహాలు యజమాని యింట, ఏ డబ్బా మిగిలియున్నదో భాండారమునకు తెలియదు. తెలియజేయవలసినవారము మనము.

ఈ పనికి గొప్ప సంఘములు అక్కరలేదు. ఉత్సవములకు పోయి వచ్చిన యువజనులు తమ యూరికి వచ్చి, వేసవిసెలవులలో నొక సాయంకాలము బడిలో తెరగట్టి, హక్కుదారుల యనుమతితో నొక పాతచిత్రమును చూపవచ్చును. చూపుటకు ముందు అది యెప్పటిదో, ఎవరు తీసిరో పావుగంట చెప్పవచ్చును. చూచిన పిమ్మట ఊరిలోని వృద్ధురాలి నొకతెను నిలిపి, ఆ చిత్రమును తాను మొదట ఎక్కడ చూచినదో, బండికట్టుకొని యెంతదూరము పోయినదో, ఇంట ఎవరు వలదనిరో చెప్పింపవచ్చును. స్త్రీలు సినిమాకు పోవుటయే తప్పుగా నెంచిన కాలపు సంగతులు పుస్తకములలోకంటె ఆమె నోటనే యెక్కువ తెలియును. ఆ మాటలను వ్రాసికొనుటయు చిత్రపరిరక్షణలో భాగమే.

సంతకు పోవువారికి మేము చెప్పునది మూడుమాటలు. పలుకుదానిని పలుకనిచ్చి కొనుడు. రికార్డు కొన్నచో పాట వినుడు, కెమెరా కొన్నచో బొమ్మ తీయుడు. ఎవరి యింటినుండి వచ్చినదని అంగడివానిని అడిగి, చెప్పినదానిని కాగితముమీద వ్రాసి వస్తువుతోనే యుంచుడు. ఫిలిము, చేతివ్రాత, పేరులేని ఫొటో దొరకినచో కత్తెర పెట్టకుడు. గృహిణులకు చెప్పునది ఒక్కటి. వీధిలో కేక వినబడి, అవసరము తరుముకొని వచ్చి, జరీచీరను అమ్మక తప్పనప్పుడు అమ్ముడు, అందు సిగ్గులేదు. కాని అమ్ముటకు ముందు దానిని ఎండలో పరచి, అంచును, కొంగును ఫొటో తీసి, ఇది ఎవరిది, ఏ యేటిది, ఏ మగ్గముదని మీ అమ్మాయిచేత ఫొటో వెనుక వ్రాయింపుడు. పాతచిత్రములను వెండికై ఇచ్చివేసినవారికి ఆపాటి పనియైనను చేయవలెనని చెప్పిన వారు లేకపోయిరి.